మసి ఎవరి వంతు?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని సామెత చెప్పినవారెవరో గానీ, వారింట్లో రెండు డీజిలు కార్లు ఉండి ఉండవు. ఉంటే ఏది వింతో ఏది రోతో తేల్చుకోలేక, సామెతను సగంలోనే ఆపేసేవారు.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. ఒకటి 2008లో కొన్నది. రెండోది 2021లో మా అబ్బాయి పట్టుబట్టి కొనిపించింది. నిజామాబాదులో మా వీధి ఆడవాళ్ళకు ఇదో పెద్ద సందేహం. "డీజిలు కారు కొనుక్కోవచ్చంటారా వదినా? కొంటే పాతదా, కొత్తదా?" అని చీర అంచు గురించి అడిగినంత తేలిగ్గా అడుగుతారు. జవాబు మాత్రం అంత తేలిక కాదు.

అసలు మా వైపు వాళ్ళకు డీజిలంటే పరాయి సరుకు కాదు. మా అత్తవారిది బోధన్ దగ్గర చెరకు పండించిన కుటుంబం. ట్రాక్టరుకని ఇంట్లో ఎప్పుడూ ఒక డ్రమ్ము డీజిలు ఉండేది. పప్పుడబ్బా, ఉప్పుడబ్బా లాగా అదీ ఒక డబ్బా. అలాంటి ఇళ్ళల్లోకి కారు వస్తే అది డీజిలు తాగేదే అయ్యుండాలి కదా! 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిలు ఇంజను వచ్చింది. 1998లో ఇండికా వచ్చి, మధ్యతరగతి వాళ్ళకు కూడా డీజిలు కారు అందేట్టు చేసింది. 2007లో స్విఫ్ట్‌కు డీజిలు ఇంజను పెట్టారు. ఇక చూస్కోండి, మా జిల్లాలో పెళ్ళివారు దిగితే పందిరి ముందంతా టకటకలే. 2012లో పెట్రోలుకీ డీజిలుకీ లీటరు మీద ఇరవై రూపాయల పైన తేడా ఉండేది మరి. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేశాక ఆ తేడా కరుగుతూ వచ్చింది.

పాత కారు సుగుణాలు ముందు చెబుతాను. ఏం జబ్బు చేసినా నోరు విప్పి చెబుతుంది. గుర్రుమంటే ఒక రోగం, దగ్గితే ఇంకో రోగం. చలికాలం పొద్దున హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా ఒక్క నిమిషం ఓపిక పడితే చాలు, లేచి కూర్చుంటుంది. పంపు పనైనా, నాజిల్ పనైనా మా గల్లీ మిస్త్రీ రెండు పానాలతో కానిచ్చేస్తాడు. చాయ్ తాగేలోపు బండి ఇంటి ముందుంటుంది. "అమ్మా, గీ బండికి ఏం తక్లీఫ్ వచ్చినా నాకు సప్పుడుతోనే తెలుస్తది. కొత్తదానికి లైటు ఎలుగుతది గని, ఎందుకెలిగిందో నాకు చెప్పదు" అంటాడు. అందులో ఆయన బాధ కూడా ఉంది. కొత్త కారుకు జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించి చూడాలి. ఆ కంప్యూటరు ఆయన దగ్గర లేదు.

ఇక దుర్గుణం. అది ఒక్కటే, కానీ నల్లగా ఉంటుంది. పొద్దున్నే మావారు ఆ కారు స్టార్టు చేసి వేడెక్కనిస్తారా, సరిగ్గా అదే వేళకు మా గేటు పక్కన బడిపిల్లలు ఆటో కోసం నిలబడి ఉంటారు. పొగ తిన్నగా వాళ్ళ మొహాల మీదకే. ఎదురింటావిడ ఆరేసిన తెల్ల పంచెల మీదకి కొంత, మా తులసికోట మీదకి కొంత. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం డీజిలు పొగను మనుషులకు క్యాన్సరు తెచ్చేవాటిలో మొదటి తరగతిలో చేర్చింది. సిగరెట్టు పొగ ఉన్న తరగతే అది. కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్న మాకు ఆ పొగ వాసనైనా తెలియదు.

కొత్త కారులో తేడా అంతా ఇక్కడే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధన వచ్చింది. అంతకుముందు బీఎస్-4 లెక్కలో డీజిలు కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చు. ఇప్పుడు నాలుగున్నర మిల్లీగ్రాములకు మించకూడదు. మా పాతది ఈ రెంటికంటే ముందుది, దాని లెక్క అడక్కండి. అంత తక్కువ మసి ఎలా సాధ్యమంటే, పొగగొట్టంలో ఒక జల్లెడ లాంటి ఫిల్టరు పెట్టారు. మసి బయటికి పోకుండా అందులో చిక్కుకుంటుంది. చిక్కిన మసి ఊరికే ఉంటుందా? నిండుతుంది. నిండాక దాన్ని కాల్చెయ్యాలి. ఆరువందల డిగ్రీల దాకా వేడి పుడితే గానీ ఆ మసి కాలి బూడిదవదు. ఆ వేడి కోసం కారు కాస్త డీజిలు అదనంగా తాగుతుంది. కారు ఆగకుండా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు మంచి వేగంతో పరుగెత్తితేనే ఈ పని సవ్యంగా పూర్తవుతుంది.

మనకొచ్చిన చిక్కల్లా అక్కడే. మన తిరుగుడెంత? గాంధీచౌక్‌లో కూరగాయలు, అక్కణ్ణుంచి గుడి, గుడి నుంచి ఇల్లు. కలిపితే నాలుగు కిలోమీటర్లుండదు. సగం దారి వేడెక్కడానికే సరి. ఇలా నెల తిరిగేసరికి లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి బలం తగ్గుతుంది, కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్ళి వాళ్ళచేతే కాల్పించాలి. ఫిల్టరే మార్చాల్సొస్తే మెడలో గొలుసు మెడలో ఉండదు.

అందుకే మేం వారానికోసారి బోధన్ వెళ్ళొస్తాం. జానకంపేట, ఎడపల్లి మీదుగా పాతిక కిలోమీటర్లు. అత్తయ్యను చూసినట్టూ ఉంటుంది, మసి కాల్చినట్టూ ఉంటుంది. ఆ రోడ్డు మీద ఒకప్పుడు క్రషింగు రోజుల్లో కారుకు నడక తప్ప పరుగు ఉండేది కాదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వైపు చెరకు బండ్లు బారులు తీరేవి. పిల్లలు వెనకనుంచి గడలు లాగేవాళ్ళు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. దాంతో ఆ బారులూ పోయాయి. ఇప్పుడు మా కారుకు కావలసినంత వేగం దొరుకుతోంది. ఆ వేగం చూసి సంతోషించడానికి మాత్రం మనసొప్పదు.

కొత్త కార్లలో కొన్నింటికి యూరియా నీళ్ళు కూడా పొయ్యాలి. పొగలోని విషవాయువును విరిచేందుకు శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. ఈ మాట చెబితే అత్తయ్య, "ఆమ్మో, వరికే సాలక సస్తుంటే కారుకు గూడ యూరియానా!" అని బుగ్గలు నొక్కుకుంది. పొలానికి తెచ్చిన బస్తాలోది కలిపి పోసేరు, వద్దు. అది పొలానికే, కారును పాడుచేస్తుంది. అలాగే ట్రాక్టరు డబ్బాలోని ఆయిలూ, నెలల తరబడి డ్రమ్ములో నిలవున్న డీజిలూ కొత్త కారుకు పడవు. పాతది ఏది పెట్టినా తిని అరిగించుకుంటుంది. కొత్తది పథ్యం మనిషి.

ఇంత రభస దేనికని చాలా కంపెనీలు డీజిలే మానుకున్నాయి. 2020లో మారుతి వాళ్ళు చిన్నా పెద్దా డీజిలు కార్లన్నీ ఆపేశారు.

మరి ఏది మేలు? నాకు తోచింది చెబుతాను. కట్టెల పొయ్యి రోజుల్లో పొగంతా వంటింట్లో మనమే మింగేవాళ్ళం. వసారాలో కూర్చున్నవాళ్ళకు అన్నం మాత్రమే కనిపించేది. పాత డీజిలు కారుదీ అదే న్యాయం. సుఖం కార్లో కూర్చున్నవాళ్ళది, పొగ రోడ్డున పోయేవాళ్ళది. పొగ మింగినవాళ్ళెవరూ మనకు బిల్లు పంపరు గనక అది చవక అనిపిస్తుంది. కొత్తది మన మసిని మన ఇంట్లోనే ఉంచి, "దీన్ని కాల్చే బాధ్యత నీదే" అంటుంది. ఖర్చంతా మనకు కనిపించే బిల్లులో ఉంటుంది గనక ఖరీదు అనిపిస్తుంది.

కాబట్టి నన్నడిగితే, బజారుకీ బడికీ మాత్రమే తిరిగేవాళ్ళు కొత్త డీజిలు కొనకండి, మీకూ దానికీ పొత్తు కుదరదు. రోజూ ఆర్మూరో బోధనో పోయి వచ్చే ఉద్యోగస్తులు నిశ్చింతగా కొనుక్కోండి. పాత డీజిలు చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే, దాని వెనక ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూసి అప్పుడు బేరమాడండి.

మా పాతదానికి పదిహేనేళ్ళు నిండితే 2023లో ఐదు వేలు కట్టి, రిజిస్ట్రేషను మరో ఐదేళ్ళకు పొడిగించారు మావారు. 2028లో మళ్ళీ కట్టొద్దని చెప్పేశాను. "ఇంజను రాయిలా ఉంది గదా!" అన్నారు. కాదని నేను అనలేదు. అందాకా పొద్దున్న దాన్ని గేటు దగ్గర కాకుండా, వీధి చివర ఖాళీ స్థలం దాకా తోసుకెళ్ళి స్టార్టు చెయ్యమన్నాను. వారం రోజులు తోశారు. ఎనిమిదో రోజు నుంచి బజారుకు నడిచే వెళుతున్నారు.