బుజ్జి పళ్లకు ఇల్లంతా ఫలహారమే!

కొత్త చెప్పులు పోయాయి. పోతే పోయాయి. టీవీ రిమోట్ ఓ మూల అరిగిపోయింది. ఇంకా పనిచేస్తోంది కాబట్టి సరే. దిండులోని దూది వరండా దాకా పరచుకుంది. ఫొటో తీసి బంధువులకు చూపించి నవ్వుకోవచ్చు. కుక్కపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా వినిపించే ముచ్చట్లే ఇవి. కానీ అదే నోటికి చెప్పుకీ ఛార్జర్ వైరుకీ తేడా తెలియదు. రబ్బరు బంతికీ కలరా ఉండకీ అసలే తెలియదు. నవ్వుకునే అల్లరి కాస్తా ప్రాణం మీదికి రావడానికి ఒక్క నిమిషం చాలు.

ఇంతకీ ఎందుకలా కొరుకుతుంది? కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి. మొత్తం 28. ఒక్కోటీ సూదిలా ఉంటుంది. నాలుగో నెల వచ్చేసరికి అవి ఒక్కొక్కటే ఊడిపోతూ 42 గట్టిపళ్లకు చోటిస్తాయి. దాదాపు ఏడో నెల దాకా ఇదే తంతు. అన్నాళ్లూ చిగుళ్లు సలుపుతుంటాయి. ఏదో ఒకటి నమిలితేగానీ హాయిగా ఉండదు. పైగా కొత్త వస్తువు కనిపిస్తే మనం చేత్తో పట్టుకుని చూస్తాం. దానికి చెయ్యీ నోరే! అందరూ ఆఫీసులకీ స్కూళ్లకీ వెళ్లిపోయాక తోచక కొరికేది మరికొంత. ‘మా మీద కోపంతో చేసింది’ అనుకునేవాళ్లూ లేకపోలేదు. అంత పగ పట్టే తీరిక కుక్కపిల్లకు ఎక్కడిది?

విజయవాడలో ఓ ఇంటికి నిరుడు వానాకాలంలో ఇలాంటి అతిథే వచ్చింది. జాతికుక్కేం కాదు. వీధిలో తడుస్తున్న మూడునెలల పిల్లను పదేళ్ల కొడుకు చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. ‘అన్నీ నేనే చూసుకుంటా’నని మాటిచ్చాడు. ఆ మాట ఎన్నాళ్లు నిలిచిందో ఆ ఈడు పిల్లలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బూందీ అని పేరు పెట్టుకున్నారు. రెండో వారంలో బూందీ టేబుల్ ఫ్యాన్ వైరు నోట కరుచుకుంది. ఇంటావిడ చూసి కేకేసి వెంటపడింది. అది ఆట అనుకుని వైరును ఇంకాస్త గట్టిగా పట్టి లాగింది. రిటైర్డ్ హెడ్మాస్టరైన మామగారు ముందు గోడ దగ్గరికెళ్లి స్విచ్ ఆపారు. ప్లగ్ పీకారు. తర్వాత తీరిగ్గా ఓ బిస్కెట్ ముక్క చూపించారు. బూందీ వైరు వదిలేసింది. పైతొడుగు చిరిగి లోపలి రాగితీగ కనిపిస్తోంది.

‘‘దీన్నెవరికైనా ఇచ్చేద్దాం మావయ్యగారూ. కరెంటు కొట్టి చస్తే ఆ పాపం నేను మోయలేను’’ అందామె. పిల్లాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ‘‘పది రోజులు ఆగమ్మా’’ అన్నారాయన.

మర్నాడు అందరూ వెళ్లిపోయాక పెద్దాయన హాల్లో చాప పరిచి బోర్లా పడుకున్నారు. కుక్కపిల్ల కళ్లెత్తులో ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామని! మంచం కింద కలరా ఉండ. బీరువా పక్కన దారం ఎక్కించిన సూది. సోఫా అడుగున రూపాయి బిళ్ల, బొమ్మకారులోంచి జారిపడ్డ బిళ్ల బ్యాటరీ. ప్లగ్గుకు వేలాడుతున్న రెండు ఛార్జర్లు. ఇవికాక నాలుగు బీపీ మాత్రలు... అవి ఆయనవే. ఆ సంగతి మాత్రం కోడలికి చెప్పలేదు. కుక్కపిల్ల ఉన్నవాళ్లంతా ఈ పని ఒక్కసారైనా చేయాలి. నేర్పాల్సింది ముందు ఇంటికి, ఆ తర్వాతే కుక్కకి.

ఎందుకంటే అక్కడ దొరికినవాటిలో ఏదీ చిన్నది కాదు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మనకు నొప్పి తగ్గించే పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ దానికి విషం కావచ్చు. కొన్నిరకాల ఎలకల మందు తింటే రెండుమూడు రోజులదాకా ఏమీ తెలియదు. ఆనక రక్తం గడ్డకట్టక లోలోపల కారిపోతుంది. పెరట్లో గన్నేరు సంగతి సరేసరి. వంటింట్లోనూ శత్రువులున్నాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, జైలిటాల్ కలిపిన షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్... ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలకు చేటని చాలాకాలంగా తెలుసు. అందుకు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. మరుసటి ఏడాది వచ్చిన అధ్యయనంలో చింతపండు తిన్న కుక్కల్లోనూ అలాంటి కిడ్నీ సమస్యే కనిపించింది. చింతపండు లేని తెలుగు వంటిల్లు ఎక్కడుంది? డబ్బా మూత బిగించి పై అరలో పెట్టడమే. ఆదివారం కోడికూర ఎముకలు ‘పాపం తింటుంది’లే అని వేస్తుంటారు. ఉడికిన ఎముక చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

సరే, అన్నీ పైకెత్తేశారు. మరి అది దేన్ని నమలాలి? నమలకుండా ఉండమంటే ఉండదు కాబట్టి నమలడానికి ఏదో ఒకటి ఇవ్వాల్సిందే. మింగడానికి వీలుకానంత పెద్ద రబ్బరు బొమ్మ కొనండి. గోటితో నొక్కితే కాస్తయినా లొంగాలి. మరీ రాయిలా ఉంటే పళ్లు విరుగుతాయి. గుడ్డను తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే చిగుళ్లకు హాయి. దారాలు ఊడుతుంటే తీసేయాలి. పాతచెప్పు మాత్రం ఇవ్వొద్దు. పాతదేదో, నిన్న పండక్కి కొన్నదేదో దానికేం తెలుసు? వైర్లకు కారం రాయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కళ్లూ ముక్కూ మండి అల్లాడిపోతుంది, అది పద్ధతి కాదు. కొట్టడమూ అంతే. దెబ్బలు తిన్న కుక్క కొరకడం మానదు, మంచం కిందికెళ్లి కొరుకుతుంది. నోట్లోది లాక్కుంటారన్న భయంతో గబుక్కున మింగేస్తుంది కూడా.

పెద్దాయన చేసిన పని బేరం. ముందు బొమ్మతోనే మొదలుపెట్టారు. నోట్లో బొమ్మ ఉండగా ‘వదులు’ అనడం, వదలగానే ఓ ముక్క పెట్టడం, మెచ్చుకోవడం, మళ్లీ బొమ్మ ఇచ్చేయడం. పూటకి అయిదు నిమిషాలు. వదిలితే పోయేదేమీ లేదని దానికి నమ్మకం కుదరాలి. ఎనిమిదో రోజుకల్లా మనవడి సాక్సును తనే తెచ్చి ఆయన ముందు పెట్టి బిస్కెట్ కోసం కూర్చుంది. బేరం దానికీ వంటబట్టింది! ఎవరూ కనిపెట్టుకుని లేని వేళల్లో వరండా మూల బల్ల అడ్డంపెట్టి అందులో ఉంచారు. చిన్నపిల్లలు రోజుకు 18 గంటల దాకా నిద్రపోతాయి. నిద్ర చాలని రోజున కొరుకుడూ ఎక్కువే, మారాం చేసే చంటివాళ్లలాగే.

ఇంత చేసినా ఒక్కోసారి ప్రమాదం జరగొచ్చు. వైరు కొరికి కొట్టుకుంటుంటే ముందు దాన్ని ముట్టుకోకండి, మెయిన్ ఆపండి. తేరుకుని మామూలుగా తిరుగుతున్నా సరే డాక్టరుకు చూపించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. ఏదైనా మింగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. యాసిడ్ లాంటివి తాగి ఉంటే కక్కినప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగకండి, రెండోకొస సూది కావచ్చు. మిగిలిన ప్యాకెట్టునో మాత్రల అట్టనో తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏం తిన్నదో తెలిస్తే వైద్యం వేగంగా మొదలవుతుంది.

పది రోజుల గడువు ఎప్పుడు దాటిందో ఆ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. అయిదో నెలలో ఓ ఉదయం ఇల్లూడుస్తుంటే ఇంటావిడ చీపురుకు బియ్యపుగింజంత పన్ను తగిలింది. చెత్తలో వేయబోయి ఆగింది. ఇప్పుడది కుట్టుమిషన్ సొరుగులో, సూదుల డబ్బా పక్కన ఉంది. ఆ సొరుగుకు తాళం కూడా వేస్తోంది.