తొట్టి మేడమీదా, కిందా?

ఇల్లు కట్టుకొనేటప్పుడు మీరు దేన్ని గురించి ఎక్కువగా ఆలోచిస్తారు? సింహద్వారం ఏ దిక్కున ఉండాలి, పూజగది ఎక్కడ, పొయ్యి ఏ మూల? వీటికోసం పదిమందిని సంప్రదిస్తాం. స్నానాలగది దగ్గరకు వచ్చేసరికి, "మిగిలిన జాగాలో ఎక్కడో ఒకచోట సర్దెయ్యండి" అంటాం. నేనూ అట్లాగే అన్నాను. వైద్యుణ్ణయి ఉండీ అన్నాను. అది ఎంత తెలివితక్కువ మాటో మా అమ్మ కాలుజారి పడ్డాక గాని నాకు తెలిసిరాలేదు.

మా పాత పెంకుటిల్లు తీసేసి మేడ కట్టించడం మొదలుపెట్టినప్పుడు మా అబ్బాయికీ, కోడలికీ ఒక్కటే కోరిక. మేడమీద తమ గదినానుకొని ఉన్న స్నానాలగదిలో పొడుగాటి తొట్టి, అదే బాత్‌టబ్బు, పెట్టించుకోవాలని. ఏదో హోటల్లో చూసివచ్చారు. నా భార్యేమో, "కిందనే పెట్టించండి, నా మోకాళ్ళకు వేడినీళ్ళు హాయిగా ఉంటాయి" అంది. ఇంజనీరుగారు రెండు ప్లానులు గీసి తెచ్చారు. నెలరోజులపాటు భోజనాల దగ్గర ఇదే వాదన.

ఈ వాదనలో మా అమ్మను ఎవరమూ అడగలేదు. రెండు ప్లానుల్లోనూ ఆవిడకు పెరట్లో, వెనక వసారా దిగి రెండు మెట్ల కింద ఉన్న పాత స్నానాలగదినే ఉంచాం. అలవాటైన చోటే గదా అనుకొన్నాం.

ఆ రోజుల్లో మేము అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మకు డెబ్భయ్యారేళ్ళు. ఒకనాడు తెల్లవారుజామున లేచి స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకొంది. తిరిగి వస్తూ నాలుగు వేళ్ళ ఎత్తు గడపకు కాలు తగిలి, తలుపుకు అడ్డంగా పడిపోయింది. ఆ తలుపు లోపలికి తెరుచుకొనేది. గట్టిగా నెడితే ఆవిడకే తగులుతుంది. అవతల అమ్మ మూలుగు వినిపిస్తూనే ఉంది. ఇవతల వైద్యుడైన కొడుకు చేతులు నలుపుకొంటూ నిలబడ్డాడు. వడ్రంగిని పిలిపించి, తలుపు కోయించి లోపలికి వెళ్ళేసరికి ముప్పావుగంట పట్టింది. ఎడమకాలు పొట్టిదైనట్లుగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎక్స్‌రే తీయకముందే నాకు సంగతి అర్థమయింది. తుంటి దగ్గర ఎముక విరిగింది.

ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు త్వరగా బలం తగ్గి, గుల్లబారుతాయి. పడుచువాళ్ళయితే దులుపుకొని లేచిపోయే చిన్నపాటు పాటుకే వృద్ధుల తుంటి ఎముక విరిగిపోతుంది. "ఈ వయస్సులో ఆపరేషనేమిటి, మంచంమీదే ఉంచుదాం" అనేవారు చాలామంది. అది పొరపాటు. నెలల తరబడి కదలకుండా పడుకోబెడితే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఒంట్లో తట్టుకొనే శక్తి ఉన్నంతవరకు ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను చేసి, వీలైనంత త్వరగా లేపి నిలబెట్టడమే మేలు. అమ్మకు రెండోరోజున ఆపరేషను అయింది. ఆ మర్నాడే వాకరు పట్టుకొని నాలుగడుగులు వేసింది.

ఆసుపత్రిలోనే ఒక సాయంత్రం అడిగాను. "అమ్మా, కొత్త ఇంట్లో నీకు స్నానాలగది ఎట్లా ఉండాలి?"

"ఇన్నాళ్ళకు అడిగావురా నాయనా" అంది. "నా మంచం దిగితే పదడుగుల్లో ఉంటే చాలు. కూర్చోడానికి ఎత్తుపీట, ఒక చెంబు. మీ తొట్టి మాత్రం నాకొద్దు. అందులోకి దిగితే మళ్ళీ నన్ను లేవదీసేదెవరు?"

ఏ వైద్యగ్రంథమూ చదవకుండా ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. బాత్‌టబ్బు గోడ సుమారు అడుగున్నర ఎత్తుంటుంది. దాన్ని దాటాలంటే తడినేలమీద ఒంటికాలిమీద నిలబడాలి. పైగా వేడినీళ్ళలో మునిగి ఉన్నప్పుడు రక్తనాళాలు వెడల్పై రక్తపుపోటు తగ్గుతుంది. ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. రక్తపుపోటుకు మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారి వేడి తెలియకపోవచ్చు. 60 డిగ్రీల సెంటీగ్రేడు నీళ్ళు కొద్ది సెకన్లలోనే ఒళ్ళు కాలుస్తాయి. కనుక ముందు చన్నీళ్ళు పట్టి, తరువాత వేడినీళ్ళు కలిపి, పాదంతో కాక మోచేతితో చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పికి వేడి సుఖమిచ్చే మాట వాస్తవమే. కాని కుర్చీలో కూర్చొని కాపడం పెట్టుకొన్నా ఆ సుఖం దక్కుతుంది. ఇది విన్న తరువాత నా భార్య తన కోరిక తనే మానుకొంది.

కింద అమ్మ గదినానుకొనే స్నానాలగది కట్టించాం. గడప లేదు, నీళ్ళు బయటికి రాకుండా నేలకే వాలు ఇచ్చాం. నున్నని పలకలకు బదులు గరుకు పలకలు వేయించాం. తలుపు బయటికి తెరుచుకొంటుంది; గడియ అవసరమైతే బయటినుంచి కూడా తీయవచ్చు. మరుగుదొడ్డి పక్కన, నీళ్ళు పోసుకొనేచోట గోడకు గట్టి ఇనుపకడ్డీలు బిగించాం. తువ్వాలు ఆరేసుకొనే కడ్డీ మనిషి బరువుకు ఊడివస్తుంది, దాన్ని నమ్మకూడదు. మంచం దగ్గరనుంచి అక్కడిదాకా రాత్రంతా చిన్నదీపం వెలుగుతుంది. గ్యాసుగీజరు లోపల పెట్టనివ్వలేదు. తలుపులు మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

మరి తొట్టి సంగతి? మేడమీదే పెట్టించాం. కింది స్నానాలగదికి సరిగ్గా పైన, గొట్టాలు తిన్నగా దిగేటట్లు. రెండువందల లీటర్ల నీళ్ళంటే రెండువందల కిలోల బరువు. తొట్టి, మనిషి కలిస్తే మూడువందల కిలోలకు తక్కువుండదు. అందుకే శ్లాబు వేయకముందే ఇంజనీరుగారితో లెక్క వేయించాం. కట్టిన ఇంట్లో తొట్టి పెట్టాలనుకొనేవారు కూడా ఈ లెక్క చూపించుకోక తప్పదు.

ఇంకొక్క మాట. మన ఇళ్ళలో తొట్టి కనిపిస్తే దాన్లో నీళ్ళు పట్టి ఉంచుతాం. మా కోడలూ అదే చేసింది, మర్నాడు కుళాయి రాదేమోనని. ఆ మధ్యాహ్నం మా రెండేళ్ళ మనుమడు బొమ్మకోసం తొట్టిలోకి వంగి ఉండగా నా భార్య చూసి ఒక్క గెంతున వెళ్ళి ఎత్తుకొంది. పసిపిల్లల ప్రాణం పోవడానికి నిండుతొట్టి అక్కర్లేదు, జానెడు నీళ్ళు చాలు. వారంపాటు నిలవ ఉన్న నీళ్ళలో డెంగ్యూ దోమలూ పెరుగుతాయి. అప్పటినుంచి మా ఇంట్లో ఒక నియమం. స్నానం కాగానే తొట్టి ఖాళీ చేయాలి, తలుపుకు పైన గడియ వేయాలి.

మీరు ఇల్లు కడుతూ ఉంటే ఈ వారమే మీ ప్లాను తీసి చూడండి. మీ ఇంట్లో అందరికన్నా ఓపిక తక్కువైన మనిషి ఎవరో, వారి మంచం ఎక్కడో గుర్తు పెట్టండి. అక్కడినుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులో, దారిలో ఎన్ని మెట్లో, ఎన్ని గడపలో లెక్కపెట్టండి. ఆ లెక్క తేలిన తరువాత తొట్టిని మేడమీద పెట్టించుకొన్నా, కింద పెట్టించుకొన్నా మీ ఇష్టం.

మా అమ్మ ఇప్పటివరకూ ఆ తొట్టిని చూడలేదు. మొన్న మనుమణ్ణి అడిగింది. "ఎన్ని బిందెల నీళ్ళు పడతాయిరా దాన్లో?" పదమూడు బిందెలని వాడు చెబితే, "నాకు పది రోజుల స్నానాలురా!" అని నవ్వి, వాకరు పట్టుకొని తన పదడుగులు తనే నడిచి వెళ్ళింది.