విండో అడిగే మొదటి ప్రశ్న

దేవరకొండలో మా నాయినది చిన్న కిరాణా కొట్టు. ఉద్దెర పద్దుల కోసం సెలవుల్లో సీ లాంగ్వేజ్‌లో, జీటీకే 3 లైబ్రరీతో ఒక విండో రాశాను.

అందులో ముందుగా పిలవాల్సింది జీటీకే_ఇనిట్. మనం ఆ లైన్ కాపీ కొట్టి ముందుకెళ్లిపోతాం కదా! అది డిస్‌ప్లేతో కనెక్షన్ తెరుస్తుంది. దొరక్కపోతే ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఆపకుండా విషయం మాత్రం చెప్పడానికి జీటీకే_ఇనిట్_చెక్ ఉంది. కానీ డిస్‌ప్లే కంటే ముందే అది సెట్‌లోకేల్‌ని పిలుస్తుంది. అంటే, వాడే మనిషి భాష ఏదో సిస్టమ్‌ని అడిగి తెలుసుకుంటుంది.

సిస్టమ్ భాష తెలుగుకి మార్చి నడిపాను. డైలాగ్‌లో 'క్యాన్సిల్' బటన్ తెలుగులో వచ్చింది! ఎవరో ఎప్పుడో కూర్చుని అనువాదం చేసి పెట్టారన్నమాట. నేను పెట్టిన లేబుల్స్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. వాటికి తెలుగు నేనే రాయాలి.

నర్సరీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. 'ఔట్‌స్టాండింగ్ బ్యాలెన్స్'కి మాట తట్టలేదు. నాయినని అడిగితే నవ్విండు.

"బాకీ అంటరు బిడ్డా. కట్టింది జమ."

రెండేసి అక్షరాలు. లేబుల్‌లో చక్కగా పట్టాయి.

ఇన్నేళ్ల చదువులో నన్నెవరూ అడగని ప్రశ్న, ఈ లైబ్రరీ విండో తెరవకముందే అడుగుతుంది. ఇప్పుడు నేను హాస్టల్లో ఉన్నా, పద్దు నాయినే ఎక్కిస్తున్నడు.