మోసేవాటిని గురించి

నీలగిరి పర్వతపాదంలో ఉన్న మేట్టుపాళయం చాలామందికి తెలుసు. కొండ రైలు అక్కడినుండే బయలుదేరుతుంది. పుదుచ్చేరి పట్టణపు అంచున ఉన్న మేట్టుపాళయానికి అంత ప్రసిద్ధి లేదు. అది పారిశ్రామికవాడ. తమిళంలో ‘మేడు’ అంటే ఎత్తైన నేల, ‘పాళయం’ అంటే విడిది. తెలుగువాని చెవికి ఆ పేరులో మెట్టా, పాలెమూ రెండూ వినబడతాయి. ఎత్తు పేరులోనే ఉన్నది గనుక, నేలను విడిచి పైపైన నడిచే దారులను గురించి ఆలోచించడానికి అది తగిన చోటు.

కర్మాగారంలో క్రింద మనుషులూ బండ్లూ తిరగాలి. అందుచేత ఆవిరి, నీరు, నూనె, విద్యుత్తు తలకు ఎత్తున సాగిపోతాయి. చూపరి కన్ను గొట్టం వెంటనే పోతుంది. అది ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం సహజం. దానిని మోస్తున్న కాళ్లను లెక్కించేవారు అరుదు.

ఈ ఉపేక్ష కొత్తది కాదు. పుదుచ్చేరి భారతి పార్కు నడుమ తెల్లని ఆయి మండపం ఉన్నది. 19వ శతాబ్దిలో, మూడవ నెపోలియన్ కాలంలో, ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు వచ్చినందుకు అది గుర్తు. దాని వెనుక ఒక ఐతిహ్యం చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూచి, దేవాలయమని భ్రమించి మ్రొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, కూల్చమని ఆజ్ఞాపించాడట. ఆమె వేడుకొని, ఆ స్థలంలో తానే చెరువు త్రవ్వించిందట. కథ ఎంతవరకు నిజమైనా, నీరు పుట్టినచోటుకు పేరు నిలిచింది, నీరు చేరినచోట మండపం లేచింది. నడుమ నీటిని మోసిన దారికి ఏ గుర్తూ మిగలలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ తెలుగునేల మీదనే ఉన్నది. పుదుచ్చేరి పాలనలోని తెలుగు ఊరు యానాం గోదావరి ఒడ్డున ఉన్నది. ఆ డెల్టాలోనే, కోనసీమలో, గన్నవరం వద్ద వైనతేయ పాయను దాటించి నగరపు లంకకు కాలువ నీటిని చేర్చవలసి వచ్చింది. కాటన్ దొర ఆనకట్ట పనులు సాగిన ఆ కాలంలో, హేగ్ అనే ఇంజనీరు ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు గల 49 కమానులతో అక్విడక్టు కట్టాడు. క్రింద నది, పైన కాలువ. దాని ప్రక్కనే 2000 సంవత్సరంలో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలిగొన్నవారికి కాలవేళలు చూడక అన్నం పెట్టిన ఆ తల్లి పేరును భారం మోసే కట్టడానికి ఇవ్వడంలో ఎంతో ఔచిత్యమున్నది.

అయితే కమానుపై కాలువను మోయడం ఒక విద్య, కాళ్లపై ఉక్కు గొట్టాన్ని మోయడం వేరొక విద్య. కమాను భారాన్ని తన ఒంపు వెంట ప్రక్కలకు, క్రిందికి త్రోస్తుంది. ఆ త్రోపుకు కదలకుండా నిలవడమే స్తంభం ధర్మం. ఉక్కు గొట్టం సంగతి అది కాదు. అది వేడికి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. కదలనివ్వక పట్టుకొన్నవాడే దానికి ప్రథమ శత్రువు.

ఆధారాలను రూపొందించే ఇంజనీరు మొదట బరువు చూస్తాడు. 300 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టం నిండా నీరుంటే, మీటరుకు ఇంచుమించు 70 కిలోల బరువు. వాడుకలో ఆ గొట్టంలో గాలియో ఆవిరియో తప్ప మరేదీ పారకపోవచ్చు. కాని వాడుకకు ముందు దానిని నీటితో నింపి ఒత్తిడి పరీక్ష చేస్తే, ఆ ఒక్కనాటి భారాన్ని కూడ కాళ్లు మోయాలి.

తరువాత కాలికీ కాలికీ నడుమ దూరం. తడిబట్టలు ఆరవేసిన వెదురు దండెం ఇంటింటా ఈ పాఠం చెబుతుంది. రాటల మధ్య దూరం రెట్టింపై, మీటరుకు బరువు మారకపోతే, నడిమి వంగుబాటు రెట్టింపు కాదు, పదహారు రెట్లు. గొట్టానికీ ఇదే సూత్రం. వంగినచోట నీరు నిలుస్తుంది. ఆవిరి మార్గంలో నిలిచిన నీటిని వేగంగా వచ్చే ఆవిరి ముందుకు త్రోసి, సమ్మెటదెబ్బలా మూలకు కొడుతుంది.

మూడవది వేడి. 100 మీటర్ల ఉక్కు గొట్టం 150 డిగ్రీల మేర వేడెక్కితే సుమారు 180 మిల్లీమీటర్లు, అంటే జానెడుకు కొంచెం తక్కువగా, పొడవు పెరుగుతుంది. రెండు కొనలూ కదలకుండా బిగిస్తే, లోపల పుట్టే ఒత్తిడి సాధారణపు ఉక్కు ఓర్పును మించిపోతుంది. అందుకే ఒకచోట గట్టిగా పట్టే యాంకర్, మరొకచోట ప్రక్కకు జరగనీయక ముందుకు మాత్రం పోనిచ్చే గైడ్, ఇంకొకచోట జారడానికి షూ, నడుమ పెరుగుదలను ఇముడ్చుకొనే వంపు. బాయిలరు దగ్గర గొట్టం పైకి లేస్తే, గట్టి ఆధారం దానిని అందుకోలేదు. బరువు ప్రక్కనున్న కాలిపై పడుతుంది. అక్కడ స్ప్రింగుతో వ్రేలాడదీస్తారు. ఇవన్నీ చూస్తే, ఈ విద్యలో సగం మోయడం, సగం వదలడం అని తేలుతుంది.

హిందీలోనూ తెలుగులోనూ ‘ఆధార్’, ‘ఆధారం’ ఉన్నాయి; ‘ఆస్రా’, ‘ఆసరా’ కూడ ఉన్నాయి. ఆధారమంటే అడుగున ఉండేది. ఆసరా అంటే పడిపోకుండా అందుకొనేది. గొట్టానికి రెండూ కావాలి. తెలుగు పెరడులో ఈ రెండింటికీ కలిపి ఒక రూపమున్నది: ఆనపపాదు పందిరి. అది తీగను బంధించదు, ఎటు పాకినా మోస్తుంది. పైగా తీగ ఎదిగి నేలపై పరుచుకొన్నాక పందిరి వేసేవాడిని ఎవరూ మంచి రైతు అనరు.

ఆ మాట మరచినచోట ఏమి జరిగిందో 1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో చూచింది. అక్కడి రసాయన కర్మాగారంలో ఆరు పాత్రల వరుసలో అయిదవది పగిలినందున తీసివేశారు. పని ఆగకుండా నాలుగవ పాత్రనుండి ఆరవదానికి 20 అంగుళాల గొట్టాన్ని తాత్కాలికంగా కలిపారు. రెండు ద్వారాల ఎత్తులు వేరు గనుక గొట్టాన్ని మలుపులతో చేశారు. రెండు కొనలా ముడుతల బెల్లోలు. లోపలి ఒత్తిడి ఆ మలుపుల వద్ద గొట్టాన్ని మెలిపెడుతుందన్న లెక్క వేయలేదు. పూర్తి పటం గీయలేదు. పనిశాల నేలపై సుద్దతో గీచిన రేఖలే ఆధారం. క్రింద నిలబెట్టినవి పరంజా కమ్మీలు. జూన్ 1వ తేదీ సాయంకాలం గొట్టం తెగింది. వెలువడిన ఆవిరి అంటుకొని పేలిపోగా 28 మంది మరణించారు. అది శనివారం, పనిదినమైతే మృతుల సంఖ్య ఇంకెంత పెరిగేదో!

అంత పెద్ద కర్మాగారంలో జరిగినది చిన్న పారిశ్రామికవాడకు వర్తించదనుకోవడం పొరపాటు. పాత కాళ్లపై చోటు కనబడితే కొత్త గొట్టం, దాని ప్రక్కన తీగల తట్ట చేరడం ఎక్కడైనా జరిగేదే. ఒక్కొక్కటి స్వల్పమే. కాని కాళ్లను మొదట లెక్కించినవానిని మళ్లీ ఎవరూ అడగరు. పుదుచ్చేరి తీరాన ఇంకొక పరీక్ష కూడ ఉన్నది. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ తీరాన్నే తాకింది. గాలివేగం రెట్టింపైతే గొట్టపు వరుసపై దాని త్రోపు నాలుగింతలవుతుంది. తుపాను లేనినాడు ఉప్పుగాలి తన పని తాను చేస్తుంది. కాలి మొదట నీరు నిలిచినచోట ఉక్కును నిశ్శబ్దంగా తింటుంది.

అందుచేత అనుభవమున్న తనిఖీదారు గొట్టాన్ని చూచేముందు వంగి దాని షూ క్రింద చూస్తాడు. అక్కడ ఉక్కుపై ఉక్కు జరిగిన నున్నని మెరుపు గీత ఉంటే తృప్తిపడతాడు. గొట్టం పగలూ రాత్రీ తన కదలిక తాను కదలుతున్నదన్నమాట. ఆ గీత లేక త్రుప్పు దట్టంగా పట్టి, షూ తన పీఠానికి అతుక్కుపోయి ఉంటే, పైన రంగు ఎంత నిగనిగలాడుతున్నా, ఆ రోజు మరమ్మతుల పట్టికలో మొదటి పంక్తి దానిదే.