మా అమ్మమ్మ యిసుర్రాయి

మన పాఠశాల పత్రికకు ఏదేని వ్రాసి యిమ్మని అడిగినప్పుడు వ్యాకరణమునుగూర్చి వ్రాయదలచితిని. ఇంతలో మా వాకిటనున్న రాయి కంటబడినది.

మా అమ్మమ్మ, మెదకు క్రైస్తవ దేవాలయము ప్రతిష్ఠింపబడిన 1924వ సంవత్సరమున పుట్టెను. కరవునాళ్లలో పాస్నెట్టు దొరగారు ఆ కట్టడపు పని కల్పించి అనేకులను బ్రదికించిరి. ఆమె తల్లియు అచ్చట మన్ను మోసినదట. పెండ్లియై మంజీర యొడ్డునగల పల్లెకు వచ్చి, నలుబదియేండ్లకు పైగా జొన్నచేలలో పాటుపడెను. నడుమనే వైధవ్యము ప్రాప్తించెను. దానినిగూర్చి ఆమె యెన్నడును చెప్పలేదు గనుక నేనును చెప్పను.

సింగూరు ఆనకట్ట 1989లో పూర్తియయ్యెను. మా పల్లె ముంపులో చేరుటచే, అంతకు మూడేండ్ల ముందే బండి కట్టుకొని వెడలితిమి. నాకప్పు డెనిమిదేండ్లు. ఇసుర్రాయి క్రిందిరాయి అరుగుమీద మట్టిలో పాతుకొని యుండుటచే పెకలలేదు. అమ్మమ్మ పైరాయిని మాత్రము ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. "ఒక్క రాయితోని ఏం జేస్తవవ్వా?" అని మా మేనమామ యడిగెను. "ఎడ్లు తోలుర కొడుకా" అనెను.

పటాన్‌చెరువులో ఒక కర్మాగారపు గేటుముందర జొన్నరొట్టెలు చేసి అమ్మెను. గిర్నీపిండి మాడువాసన కొట్టునని దినదినము సణుగుచునే కాల్చెడిది. ఆ రొట్టెల డబ్బుతోనే నేను ఉపాధ్యాయశిక్షణ పొందితిని. అప్పటికి నక్కవాగు పరిసరములందలి బావులు కర్మాగారముల మురుగుచే చెడిపోయెను. మా బావినీట పప్పు ఉడుకకుండెను. జనులు సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయి పోరాడినమీదట మంజీరనీరు నల్లాలకు వచ్చెను. అమ్మమ్మ ఒక గుక్క త్రాగి, "బిడ్డా, ఇవి మనూరి నీళ్లు. మనింటి మీదికెళ్లి వచ్చినయి" అనెను. నేను నవ్వితిని. శిక్షణ పొందినవాడను గదా!

యూదుల వృద్ధురాలు నయోమి కరవునకు పరదేశమేగి, పదియేండ్లకు బేత్లెహేమునకు మరలివచ్చెను. మా అమ్మమ్మకు మరలిపోవుటకు ఊరు లేదని యెంచితిని. 2016 వేసవిలో సింగూరు ఎండిపోయెను. మా పల్లె గోడల మొదళ్లు తేలినవని మేనమామ చూచివచ్చి చెప్పెను. "కిందిరాయి ఉంటదేమో, తోల్కపో బిడ్డా" అని తొంబదిరెండేండ్ల అమ్మమ్మ నన్నడిగెను.

పరీక్షపత్రములు దిద్దనిమ్మంటిని. ఎండలు తగ్గనిమ్మంటిని. అంతలో బడులు తెరచిరి. సెప్టెంబరులో కుండపోతగా వానలు కురిసి, సింగూరు నిండి, గేట్లెత్తిరి.

ఆ వార్త చెప్పినప్పుడు ఆమె నన్ను నిందింపలేదు. "ఎన్ని గేట్లెత్తిండ్రు?" అని మాత్రమడిగెను. నాకు తెలియదంటిని. ఆ క్రిస్మసుకు ముందే కన్నుమూసెను.

మా పిల్లలు ఆ పైరాయిమీద కూర్చుండి చెప్పులు తొడుగుకొందురు. నడుమనున్న కన్నమెందులకని మొన్న మా చిన్నది అడుగగా, గింజలు పోయుటకని చెప్పితిని. క్రిందిరాయి యేదని మరల నడిగెను.