నూట ముప్పై ఎనిమిది ఎంబీల పాట

మొన్న సంక్రాంతికి మలికిపురం వెళ్తే, కాళ్ళు కడుక్కునే లోపే నాన్న ఫోను పట్టుకొచ్చారు. "ఒరేయ్, నా ఘంటసాల పాటలు పదకొండు బూడిదరంగులోకి మారిపోయాయి. నొక్కితే పాడట్లేదు. నెలనెలా డబ్బులు కడుతున్నాం కదా, ఏమైనట్టు?"

లైసెన్సు గడువు అయిపోయుంటుంది నాన్నా అన్నాను.

"పాటకి గడువేంట్రా, పాలపేకెట్టా?"

సాఫ్ట్‌వేరు వాణ్ణయ్యుండీ నా దగ్గర సమాధానం లేదు.

తమాషా ఏంటంటే, సరిగ్గా ఆ వారమే నేనొక విదేశీ సైటులో వేణువు ఆల్బం ఒకటి కొన్నాను. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. దానిముందు మన పాత సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జే. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే సుమారు 4 ఎంబీ, సీడీ నాణ్యతలో 42, ఈ హైరెజ్‌లో ఏకంగా 138. ఫ్లాక్‌లోకి కుదిస్తే సుమారు సగానికి దిగుతుందనుకోండి. ఒకప్పుడు సెంటర్లో మెమరీ కార్డులోకి పాటలెక్కించుకున్న రోజుల్లో ఈ ఒక్క పాట జాగాలో ముప్పైకి పైగా పట్టేవి :)

సరే, తేల్చుకుందామని ఆ రాత్రి నాన్నకి పరీక్ష పెట్టాను. ఏది ఏదో చెప్పకుండా మంచి హెడ్‌ఫోన్స్‌లో వినిపించడం. పాత ఘంటసాల సీడీ, దాన్నుంచే చేసిన 128 ఎంపీత్రీ వినిపిస్తే చప్పున పట్టేశారు. "ఇందులో తాళాలు ఇసకలో కొట్టినట్టున్నాయిరా" అన్నారు. అదే వేణువు ఆల్బం అసలు ఫైలూ, దాన్నే సీడీ నాణ్యతకి దించిందీ వినిపిస్తే మాత్రం ఆయనకీ తేడా తెలీలేదు, నాకూ తెలీలేదు.

ఇందులో వింతేమీ లేదు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. మనిషి చెవి 20 దాటదు, అరవై దాటిన చెవి అయితే అందులోనూ చాలా పోగొట్టుకునే ఉంటుంది. 16 బిట్‌కి వచ్చే 96 డెసిబెల్స్ పరిధి కన్నా, ఆనాటి టేపులోని బుస శబ్దమే ఎక్కువ. రికార్డింగు స్టూడియోలో, మిక్సింగులో 24 బిట్ అవసరమే. వినేవాడికి కాదు. పైగా ఇప్పుడు అందరి చెవుల్లోనూ బ్లూటూతే, అది మళ్ళీ పాటని కుదించే పంపుతుంది.

వ్యాపారం కూడా అదే చెప్పింది. 1999లో ఎస్ఏసీడీ, 2000లో డీవీడీ ఆడియో వచ్చాయి, జనం పట్టించుకోలేదు. నీల్ యంగ్ 2014లో పోనో ప్లేయరుకి చందాలడిగితే బోలెడు డబ్బొచ్చింది, కానీ దాని పాటల కొట్టు నిలవలేదు. 2021లో ఆపిల్ హైరెజ్‌ని అదనపు రుసుము లేకుండా చందాలోనే కలిపేసింది. ఇక విడిగా కొనేదెవరు? మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో ఎంపీత్రీలు అమ్మి, 2013లోనే మూసేసింది.

అందుకే నా మటుకు నాకు హైరెజ్ డౌన్‌లోడ్లకి పెద్ద భవిష్యత్తు కనబడటం లేదు. కానీ అందులో "హైరెజ్" పోయినా ఫర్వాలేదు, "డౌన్‌లోడ్" పోవడమే నా బాధ. 2010లో మాయాబజార్‌కి రంగులద్ది, ఆ పాత మోనో శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చి థియేటర్లలో వేశారు. మనసు పెడితే పాత తెలుగు శబ్దాన్ని బాగుచేయగలం అన్నమాట. నేనడిగేది అంతకూడా కాదు. అసలు టేపునుంచి శ్రద్ధగా తీసిన సీడీ నాణ్యత ఫైలు, ఒకసారి డబ్బు తీసుకుని నాకిచ్చేస్తే చాలు. మళ్ళీ వెనక్కి లాక్కోకూడదు.

తిరుగు ప్రయాణానికి ముందు అటకమీద సీడీలన్నీ దించి, ఫ్లాక్‌లోకి మార్చి, పెన్‌డ్రైవులో పెట్టి టీవీకి తగిలించాను. పదకొండులో ఏడు దొరికాయి. మిగతా నాలుగూ ఒకప్పుడు మా ఇంట్లో కేసెట్లలో ఉండేవి. తీసి చూస్తే టేపుకి బూజు పట్టేసింది. మా ఊరి గాలిలో తేమ సంగతి తెలిసిందేగా.

నాన్న పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి గడువు లేదు కదా?"

"లేదు నాన్నా."

"మరి ఆ నాలుగూ?"

డబ్బులిస్తామన్నా అమ్మేవాడు దొరకలేదు. ఇంకా వెతుకుతున్నాను.