కారు గడప

మన ఇళ్లలో గడపకు ఉన్న గౌరవం మరే భాగానికీ లేదు. పండుగనాడు దానికి పసుపు పూసి, కుంకుమబొట్లు పెడతాం. గడప మీద కూర్చోవద్దనీ, దాన్ని తొక్కి నిలబడవద్దనీ పెద్దలు పిల్లలను వారిస్తారు. ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం నిలబెట్టడమే ఒక వేడుక. అయితే ఇంతగా పూజలందుకునే ఆ కొయ్యకు చెద పట్టేది పైనుంచి కాదు, నేలను ఆనుకొని ఉన్న కిందివైపు నుంచి. పైన పసుపు కుంకుమలు మెరుస్తూనే ఉంటాయి. లోపల కొయ్య గుల్ల అవుతూనే ఉంటుంది.

మోటారుకారుకు కూడా ఒక గడప ఉంది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ, తలుపుల కిందుగా సాగే ఉక్కురేకు పెట్టె అది. ఇంగ్లీషులో దాన్ని ‘సిల్’ అంటారు. ఆ మాటకు అర్థం గడప అనే. మన షెడ్లలో పనివారు దాన్ని ‘రన్నింగ్ బోర్డు’ అని వ్యవహరిస్తారు. కారు ఎక్కేవారు దాన్ని దాటుకొని ఎక్కుతారే గాని, దానివైపు చూసేవారు అరుదు.

లారీకి కింద బలమైన ఇనుప చట్రం వేరుగా ఉంటుంది. పైభాగాన్ని దానిమీద కూర్చోబెడతారు. చాలా కార్లకు అటువంటి చట్రం ఉండదు. నేలరేకు, పైకప్పు, తలుపుల నడిమి స్తంభాలు, గడపలు అన్నీ ఒకదానితో ఒకటి అతుక్కొని బరువును పంచుకుంటాయి. మేదరివారు అల్లిన బుట్టకు వేరే ఎముక ఉండదు. అల్లికే దాని బలం. కారు నిర్మాణమూ అటువంటిదే. బుట్టకు అంచుబద్ద ఎలాంటిదో కారుకు గడప అలాంటిది. అది పుచ్చితే కారు నడుము వంగుతుంది. పక్కనుంచి మరో వాహనం ఢీకొన్నప్పుడు ఆ దెబ్బను మొదట ఓర్చుకోవలసిన భాగాల్లో అదొకటి.

మా నాన్నగారు మచిలీపట్నంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1987లో, ఒక ప్రీమియర్ పద్మిని కారు కొన్నారు. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాను అనుసరించి ముంబయిలోని కుర్లా కర్మాగారంలో తయారైన కారు అది. 1964లో ఫియట్ పేరుతో మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో, ఈ శతాబ్ది ఆరంభం వరకు ఆ కార్లు వెలువడ్డాయి. ముంబయి వీధుల్లో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగిన చివరి పద్మినులు 2023 అక్టోబరు మాసాంతంలో సెలవు తీసుకున్నాయి. ఒకప్పుడు మధ్యతరగతి కుటుంబానికి ఆ కారు కొనడమంటే ఇల్లు కట్టినంత పని.

పదకొండేళ్లపాటు మా కారు సముద్రపు గాలిలో నిలిచింది. 1998లో నాన్నగారు పదవీ విరమణ చేసి నారపల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు అదీ మాతోబాటు వచ్చింది. అప్పట్లో వరంగల్లు రహదారిని విడిచి మా కాలనీవైపు తిరిగితే అంతా మట్టిబాటలే. వాన కురిస్తే చక్రాలు చిమ్మిన బురద గడపల లోపలికి చేరేది. తరువాత బాటలు బాగుపడ్డాయి గాని, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎత్తైన వంతెనదారికి 2018లో శంకుస్థాపన జరిగి పనులు సాగిన కాలంలో, కింది రహదారి గుంతల్లో నిలిచిన నీరు మళ్లీ ఆ బురదనే తెచ్చింది.

ఇనుముకు నీరూ ప్రాణవాయువూ ఒక్కచోట తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ చర్య మరింత త్వరగా సాగుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. అది గుల్లగా ఉంటుంది కనుక నీటిని పీల్చుకొని, అడుగున ఉన్న మంచి రేకును కూడా తినడం మొదలుపెడుతుంది. ఢిల్లీలోని గుప్తులకాలపు ఇనుపస్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉన్నదంటే, అందులోని భాస్వరం వల్ల దాని ఉపరితలంపై ఒక రక్షకపొర ఏర్పడటం అందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు వివరించారు. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు, కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లేది. అంతటి లోహసంపద గల దేశం మనది. కాని కారు గడపరేకు స్తంభమూ కాదు, కత్తీ కాదు. దాని మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. దానికి ఉన్న రక్షణ అంతా రంగుపొరా, అడుగున నీరు జారిపోవడానికి విడిచిన చిన్న రంధ్రాలూ మాత్రమే. ఆ రంధ్రాలు బురదతో పూడుకుపోతే గడప ఒక నీటితొట్టి అవుతుంది.

వ్యక్తిగత వాహనానికి మొదటి నమోదు 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన అయిదేళ్లకొకసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. నాన్నగారు 2015లో కాలం చేశారు. మా కారుకు అయిదవ పునరుద్ధరణ గడువు 2022లో వచ్చింది. తనిఖీకి ముందు చక్రాలు చూద్దామని జాకీ ఎత్తితే, కారు పైకి లేవడానికి బదులు జాకీ తల రేకులోకి దిగబడింది. ఎర్రని పొడి జలజల రాలింది. పైనుంచి చూస్తే మాత్రం గడప నున్నగా, రంగు చెదరకుండా ఉంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు అంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

సలహాలకు కొదవలేదు. పాత కార్లు కొని అమ్మే ఒక పెద్దమనిషి చూసి, “దీనికేముంది? మీద ఒక రేకు అతికించి, పుట్టీ పూసి రంగు కొట్టిస్తే రెండు రోజుల పని. తరువాత నాకే ఇవ్వండి, ఎవరికో ఒకరికి అంటగడతాను” అన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు చాలా తక్కువ. వచ్చే సొమ్మూ కంటికి ఆనేదిగానే ఉంది. ఇంట్లో ఈ మాట చెప్పాను. అమ్మ కాసేపు మౌనంగా ఉండి, “అబ్బాయీ, కొనుక్కునేవాడు ఎవడో సంసారే అయి ఉంటాడు గదా! వాడి పిల్లలు కూర్చునేది ఆ వెనక సీట్లోనే కదూ?” అన్నది. ఆ తరువాత ఆ బేరం గురించి మేము మాట్లాడుకోలేదు. ఇక మిగిలినవి రెండే దారులు: కారును తుక్కుకు ఇవ్వడం, లేదా గడపలను సమూలంగా మార్పించడం.

నాచారం పారిశ్రామికవాడ పక్కన ఒక చిన్న షెడ్డు ఉంది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. నలభై ఏళ్లుగా రేకుపని చేస్తున్న మనిషి. ఆయన ముందుగా ఒక అయస్కాంతాన్ని గడప పొడవునా జరుపుతూ పోయాడు. ఒకచోట అది పట్టు తప్పి కింద పడింది. అక్కడ రేకు లేదు; వేలిమందాన పుట్టీ ఉంది. ఏనాడో ఎవరో చేసిన పైపూత అది. తరువాత స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ చెవి ఒగ్గి విన్నాడు. మంచి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు పెంకులాగా పలుకుతుంది. వెనుక తలుపు తెరిచి మూసి, కింది సందు పైసందుకంటె ఎంత తగ్గిందో నాకు చూపించాడు.

“సార్, మీద మాసికేస్తే రెండేండ్లు మీకు తెల్వది. లోపల అది తింటనే ఉంటది. మూడో ఏడు తలుపు పడది. అప్పుడు గా పని చేసినోడిని తిట్టుకుంటరు” అన్నాడు. బయటి రేకొక్కటే మారిస్తే చాలునా అని అడిగాను. ఆయన లోపలివైపు నేలరేకు ఎత్తి, గడపకు లోపలిగోడ, నడుమ బిగువుకోసం వేసిన పట్టీ కూడా శిథిలమైనట్లు చూపించాడు. మూడూ మార్చాలి. అలా చేస్తే పెద్దమనిషి చెప్పినదానికి అయిదారింతల ఖర్చు. నేలరేకు అడ్డపట్టీలు, స్ప్రింగులు బిగించే చోట్లు కూడా చెడి ఉంటే తుక్కుకే ఇచ్చేయమని తానే చెప్పేవాణ్ణన్నాడు. అవి గట్టిగానే ఉన్నాయి. అందువల్ల మార్పించాలనే నిశ్చయించుకున్నాను.

కొత్త రేకును ఎన్నుకోవడం ఒక విద్య. పుత్లీబౌలిలోనూ, రాణిగంజ్‌లోనూ ఉన్న విడిభాగాల దుకాణాలు ఉస్తాద్‌తో కలిసి తిరిగాను. దొరికే సరుకు మూడు రకాలు. మొదటిది, తయారైన నాటినుంచి అమ్ముడుపోకుండా మిగిలిన అసలు భాగం. అది దొరకడమే గగనం. రెండవది, తుక్కైన మరో కారునుంచి కోసి తెచ్చినది. ఆకారం చక్కగా సరిపోతుంది గాని, దాని లోపల మన తుప్పుకు బదులు మరొకరి తుప్పు ఉండవచ్చు. మూడవది, ఆ ఆకారంలో కొత్తగా ఒత్తి తీసిన రేకు. అందులో చౌకరకాన్ని ఉస్తాద్ బొటనవేలితో నొక్కితే సొట్టపోయింది. అది 22 గేజి, అంటే 0.7 మిల్లీమీటరు. మేము బయటివైపు 20 గేజి రేకును, బరువు మోసే లోపలిగోడకు 18 గేజి రేకును ఎంచుకున్నాం. అవి వరుసగా 0.9, 1.2 మిల్లీమీటర్లు. ఇంకా మందమైనది తీసుకుంటే మేలు కదా అన్నాను. పలుచని పాతరేకుకు మరీ మందమైనదాన్ని అతికితే, ఇది కరిగేలోగా అది కాలి రంధ్రం పడుతుందని ఆయన చెప్పాడు. బలానికి కూడా పొత్తు కుదరాలన్నమాట.

జింకుపూత ఉన్న రేకు తుప్పును బాగా ఆపుతుంది. ఇనుముకంటె ముందు జింకు తానే క్షయమవుతూ ఇనుమును కాపాడుతుంది. కాని దాన్ని అలాగే వెల్డింగు చేస్తే లేచే తెల్లనిపొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. అందువల్ల అతుకు వేసే అంచుల్లో పూతను ముందే గీకివేయాలి. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఈ పనికి ముక్కుకు గుడ్డ కట్టుకొని కూర్చోబోతే, ఆయన గుడ్డ చాలదని మందలించి, తగిన ముసుగు తెప్పించేదాకా పని ఆపివేశాడు.

పని పదకొండు రోజులు సాగింది. బ్యాటరీ తీగలు విప్పారు. పెట్రోలు గొట్టాన్ని తప్పించారు. సీట్లు, చాపలు తీసివేశారు. కారును సమతలంగా నిలిపి, తలుపులు తెరుచుకునే చోట ఇనుపకడ్డీలు అడ్డంగా అతికారు. గడప కోసినప్పుడు కారు నడుము కుంగకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. మూలనుంచి మూలకు టేపుతో కొలిచి, ఆ కొలతలు గోడమీద సుద్దతో రాసుకున్నారు. రెండువైపులా ఒకేసారి కోయలేదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండవవైపు ముట్టుకున్నారు. మెరిసే రేకు కనిపించేదాకా తుప్పును కోసివేశారు. కోసిన గడపలోంచి దోసెడు మట్టి రాలింది. అందులో తీరప్రాంతపు సన్నని ఇసుకా, మా కాలనీ ఎర్రమట్టీ కలిసి ఉన్నాయి.

కొత్తరేకును మొదట బిగింపులతో నిలబెట్టి, తలుపులు వేసి, సందులు సమంగా వచ్చాయని రూఢి చేసుకున్నాకే వెల్డింగు మొదలైంది. గ్యాసు వెల్డింగు వేడి పలుచని రేకును మెలితిప్పుతుందని సి.ఓ.టూ వెల్డింగు వాడారు. ఒక్కచోటనే సాగదీయకుండా, ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం, మధ్యలో చల్లారనిస్తూ అతికారు. తరువాత అంచులకు సీలరు, లోపల మైనపుద్రవం పట్టించారు. అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో ఉస్తాద్ స్వయంగా నీళ్లు పోసి చూశాడు. ఈ పనిలో ముప్పాతికవంతు ఇక ఎవరి కంటికీ కనిపించదు. రంగు పడ్డాక పైపూత పనికీ, ఈ పనికీ చూపులో భేదం లేదు. జాకీ పెట్టి ఎత్తినప్పుడు మాత్రమే ఆ భేదం తెలుస్తుంది. ఎవరూ చూడరని తెలిసినచోట కూడా ఆయన చేయి ఒకేతీరుగా నడిచింది. వృత్తిధర్మం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివినదానికంటె ఆ షెడ్డులో నాకు ఎక్కువ బోధపడింది.

పాతదైన ప్రతి వాహనాన్నీ పట్టుకు వేలాడాలని నా అభిప్రాయం కాదు. తనిఖీలో నిలవని వాహనాలను తుక్కుకు పంపే విధానాన్ని కేంద్రప్రభుత్వం 2021లో ప్రకటించింది. పొగ చిమ్మే, ప్రాణాపాయం తెచ్చే బండిని రోడ్డుమీద ఉంచడం ప్రేమ అనిపించుకోదు. కాని తుక్కుకు పంపడమైనా, బాగుచేయడమైనా నిజాయితీగల పనులే. వాటి నడుమ మూడవదారి ఒకటి ఉంది: కప్పిపుచ్చి మరొకరి చేతిలో పెట్టడం. చౌకగా కనిపించే ఆ దారిలో మిగిలిన ఖర్చును మనకు తెలియనివారెవరో చెల్లిస్తారు.

ఉప్పల్ రవాణా కార్యాలయంలో తనిఖీ జరిగింది. అధికారి కిందికి వంగి గడపను సుత్తితో తట్టాడు. అది ఖంగుమంది. కాగితాల మీద సంతకం పడింది. ఆ సాయంత్రం అమ్మ వెనుక సీట్లో కూర్చుని ఘటకేసర్ దాకా వచ్చింది.

షెడ్డు విడిచి వచ్చేటప్పుడు ఉస్తాద్ ఒక్కమాటే చెప్పాడు: “వాన పడ్డంక అడుగు తూట్లు చూడండి సార్. రేకు ఎంత మంచిదైనా, నీళ్లు నిల్వకుంటనే అది బతుకుతది.” అప్పటినుంచి పెద్దవాన వెలిసిన ప్రతిసారీ ఒక చీపురుపుల్ల తీసుకొని కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాను. ఒక్కొక్క రంధ్రాన్నీ పుల్లతో కదిపితే సన్నని బురదధార జారి, తరువాత తేటనీరు పడి, ఆగిపోతుంది. ఆ పనికి అయిదు నిమిషాలకు మించి పట్టదు.